రైతుల ప్రశ్నలు, మా జవాబులు: తుపాను సాయం ఎవరి పేరున పడుతుంది?

తుపాను వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మాకు వస్తున్న ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు దాదాపు అన్నీ నష్టపరిహారం గురించే. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ కౌలు రైతులు, కొబ్బరి రైతులు, ఏటి ఒడ్డు రైతులు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఒకటే, పంట పోయింది మాది, మరి డబ్బు మాకెందుకు రాలేదు అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం, పురుగుమందుల ప్రశ్నలు వచ్చే సంచికలో చూద్దాం. పేర్లు వెయ్యట్లేదు, మండలం వరకే వేస్తున్నాం, రేపు మళ్ళీ అదే ఆఫీసుకి వెళ్ళాలి కదా అని చాలామంది అడిగారు.

ప్రశ్న (గార మండలం, శ్రీకాకుళం జిల్లా): సార్, నేను మూడెకరాలు కౌలుకి చేస్తన్నాను. భూమి గలాయన వైజాగ్‌లో ఉంటారు. ఉబాలు (నాట్లు) కాడ నుంచి పెట్టుబడంతా నాదే. పొట్ట మీదున్న చేను నీళ్ళలో ఉండిపోయి కుళ్ళిపోనాది. నష్టం రాసుకోడానికి వచ్చినోళ్ళు నన్నే గట్టు మీద నిలబెట్టి ఫొటో తీసుకెళ్ళారు. డబ్బులు మాత్రం ఆయన అకౌంట్‌లో పడ్డాయి. అడిగితే గవర్నమెంటు నాకిచ్చింది అంటన్నారు, పైగా కౌలు బస్తాలు ఎప్పుడిస్తావని అడగతన్నారు. నాకేటైనా దారుందా?

జవాబు: తమ్ముడూ, న్యాయంగా ఆ డబ్బు నీది, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఈ పంట నష్ట సాయం, అదే ఇన్‌పుట్ సబ్సిడీ, భూమి ఉన్నందుకు ఇచ్చేది కాదు, పెట్టుబడి పెట్టి పంట పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ విత్తనం, ఎరువు కొనుక్కోడానికి ఇచ్చేది. విత్తనం కొన్నది నువ్వు, ఉబాలకి కూలి ఇచ్చింది నువ్వు, అప్పు కట్టాల్సిందీ నువ్వే.

కానీ ఆ డబ్బు వచ్చే దారి ఎలా ఉంటుందో నువ్వు తెలుసుకోవాలి. గట్టు మీద తీసిన ఫొటో నష్టం జరిగిందని చూపించడానికి మాత్రమే పనికొస్తుంది. ఎవరికి ఇవ్వాలి అన్నది అంతకు చాలా ముందే, ఈ-క్రాప్ బుకింగ్ అప్పుడే తేలిపోతుంది. ఖరీఫ్‌లో ఊడ్పులయ్యాక మీ ఊరి వ్యవసాయ సహాయకులు సర్వే నంబర్ వారీగా ఏ పంట, ఎంత విస్తీర్ణం, సాగు చేసేది ఎవరు అని ఎక్కిస్తారు, తర్వాత ఆ మనిషి వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చెయ్యాలి. తుపాను తర్వాత వచ్చిన టీము ఆ సర్వే నంబర్ కొడితే ఈ-క్రాప్‌లో ఉన్న పేరే వస్తుంది, ఆ పేరున్న ఆధార్‌కి ఏ బ్యాంకు లింకయి ఉంటే అందులో డబ్బు పడుతుంది. బుకింగ్ అప్పుడు వన్‌బీలో, అంటే భూమి యజమాని పేరుండే రెవెన్యూ రికార్డులో, ఉన్న ఓనర్ పేరే ఎక్కించేసి ఉంటే ఇక చివరిదాకా ఆయన పేరే నడుస్తుంది, మధ్యలో ఎవరూ ఆపి అసలు సాగు చేసిందెవరు అని అడగరు.

కాబట్టి ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్ళు, అదే మొన్నటిదాకా రైతు భరోసా కేంద్రం అనేవాళ్ళం. సర్వే నంబర్ చెప్పి ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు ఎవరిది ఉంది, వేలిముద్ర ఎవరు వేశారు అని చూపించమను. సాగుదారుగా నీ పేరే ఉండి డబ్బు మాత్రం ఓనర్‌కి వెళ్ళిందంటే అది తప్పు, మండల వ్యవసాయాధికారికి కాగితం రాసి ఇవ్వు, ఒక కాపీ తహసీల్దారుకి ఇవ్వు, రెండిటికీ అందినట్టు సంతకం, తేదీ తీసుకో. అక్కడ పని జరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి ఆ కాపీలు పట్టుకుని వెళ్ళు, అక్కడిచ్చే నంబర్ జాగ్రత్తగా దాచుకో. నోటితో చెప్పి వచ్చిన దాన్ని ఎవరూ రాసి పెట్టరు.

ఓనర్ పేరే ఉంటే మాత్రం ఈసారి ప్రభుత్వం నుంచి వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం, నీకు ఆశ పెట్టి తిప్పడం నాకిష్టం లేదు. అర్జీ ఎలాగూ పెట్టు, కానీ దానితోపాటు ఊరి పెద్దల్ని ఇద్దర్ని తీసుకుని ఆయనతో మాట్లాడు, కనీసం ఈ డబ్బు కౌలు కింద జమ చేసుకోమని, మిగతా బస్తాలు తగ్గించమని అడుగు. పంట పోయిన ఏడాది పెద్దమనుషులు కూర్చుని కౌలు తగ్గించిన ఊళ్ళు మన జిల్లాలో ఉన్నాయి, అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

వచ్చే పంటకి మాత్రం సీసీఆర్‌సీ కార్డు తీసుకో. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు ఇది, 11 నెలలు చెల్లుతుంది, ఓనర్ సంతకం కావాలి. అక్కడే ఆగిపోతోంది కథంతా. సంతకం పెడితే భూమి పోతుందని ఓనర్లకి భయం. ఈ పత్రిక విశాఖలో, హైదరాబాద్‌లో కూర్చుని చదివే భూమి యజమానులకి కూడా చెప్తున్నాను, ఆ కార్డు వల్ల మీ భూమి మీద కౌలు రైతుకి ఏ హక్కూ రాదు, పంట మీద వచ్చే రుణం, బీమా, నష్టపరిహారం వరకే అది పనికొస్తుంది, ఇది చట్టంలోనే రాసి ఉంది. మీ సర్వే నంబర్‌లో, మీ గట్ల మధ్య ఒక మనిషి ఏడాదంతా పనిచేసి, పంట పోతే వచ్చే కొంచెం డబ్బు కూడా మీరే తీసుకుంటే అతను వచ్చే ఏడాది నాట్లు ఎలా వేస్తాడు? దయచేసి సంతకం పెట్టండి.

ప్రశ్న (గుర్ల మండలం, విజయనగరం జిల్లా): మాది రెండెకరాల వరి. ఈదురు గాలికి చేను పడిపోయింది, అప్పుడే ఈనిక మీద (కంకి బయటికొచ్చే దశలో) ఉంది. వచ్చినవాళ్ళు గట్టు మీంచే చూసి 25 శాతం అని రాశారు. 33 దాటితేనే డబ్బంట కదా, ఈ 33 ఎవరు పెట్టారు? ఇప్పుడు కోత కోస్తే సగం తాలే వస్తోంది. ఎంత రావాలి మాకు అసలు?

జవాబు: అమ్మా, 33 శాతం కేంద్రం పెట్టిన హద్దు. 2015 వరకు అది 50 శాతం ఉండేది, సగం పంట పోతేగానీ రైతు నష్టపోయినట్టు లెక్క కాదు, ఆ ఏడాది ఏప్రిల్‌లో 33కి తగ్గించారు. తగ్గించడం మంచిదే కానీ మీకు జరిగిన అన్యాయం వేరే చోట ఉంది. ఈనిక మీద, పాలు పోసుకునే దశలో గాలీ వానా కొడితే నష్టం ఆ వారంలో కంటికి కనపడదు. చేను పచ్చగానే ఉంటుంది, పుప్పొడి కొట్టుకుపోయి గింజ కట్టదు, కోత దగ్గరికొచ్చాకే తాలు బయటపడుతుంది. వాన వెలిసిన వెంటనే గట్టు మీద నిలబడి చూసిన మనిషికి 25 అనిపిస్తుంది, కొడవలి పట్టుకున్న మీకు 50 అని తెలుస్తుంది.

నష్టం రాశాక జాబితాని ప్రకటించి, అభ్యంతరాలు తీసుకోడానికి కొన్ని రోజులు టైం ఇస్తారు. జాబితా రైతు సేవా కేంద్రంలో గోడకి అంటిస్తారు. చాలా ఊళ్ళలో రైతులు ఆ కాగితం చూడరు, డబ్బు పడ్డాక పక్కింటాయనకి వచ్చింది నాకు రాలేదు అని అప్పుడు బయల్దేరతారు, అప్పటికి ఫైలు పైకి వెళ్ళిపోయి ఉంటుంది. ఈ శీర్షికలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి, ఆ జాబితా అంటించిన రోజుల్లో వెళ్ళి మీ పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం, శాతం చూసుకోవాలి. తేడా ఉంటే అక్కడే రాసి ఇవ్వాలి, మళ్ళీ చేలోకి దిగి చూడమని అడగాలి. కంకులు కొన్ని కోసి సంచిలో వేసుకుని వెళ్ళండి, గింజ గుల్లగా ఉన్నది చూపించండి, తాలు ఎంతో వాళ్ళ చేతే లెక్కపెట్టించండి. జాబితా గడువు దాటిపోయి ఉన్నా సరే అర్జీ ఇవ్వడం మానకండి, సప్లిమెంటరీ లిస్టు పంపితే అందులోకైనా ఎక్కే అవకాశం ఉంటుంది.

ఎంత రావాలి అన్నదానికి, 2022–26కి కేంద్రం పెట్టిన రేట్ల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, వర్షాధారానికి 8,500, ఏళ్ళ తరబడి ఉండే తోటలకి 22,500 రూపాయలు. ఒక్కో రైతుకి రెండు హెక్టార్ల వరకే, అంటే ఐదెకరాలకి కొంచెం తక్కువ. ఇది విపత్తు నిధి నుంచి వచ్చే డబ్బు, అందులో కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25. దానిమీద రాష్ట్రం తన సొంత డబ్బు కలిపి పెంచి ఇవ్వొచ్చు, 2024 సెప్టెంబర్ వరదలప్పుడు మన రాష్ట్రం వరికి హెక్టారుకి 25,000 ఇస్తామని ప్రకటించింది, అంటే ఎకరాకి 10,000. ఏ తుపానుకి ఏ రేటు అన్నది ఆ జీవోలో ఉంటుంది, వ్యవసాయాధికారిని జీవో కాపీ అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఆ 10,000 వచ్చినా ఎంత? 2025–26లో ఇచ్చిన క్వింటాకి 2,369 మద్దతు ధర లెక్కన చూస్తే 80 కిలోల బస్తాలు ఐదు పైచిలుకు, అంతే. ఎకరా పంట పోయినదానికి ఐదు బస్తాలు. రైతుని నిలబెట్టేంత సాయం కాదిది, అందుకే అదైనా పూర్తిగా, టైంకి, సరైన మనిషికి అందాలని ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకో మాట, పంట రుణం ఉంటే బ్యాంకుకి కూడా వెళ్ళండి. రిజర్వ్ బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వం విపత్తు ప్రకటించిన చోట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే రుణాన్ని రెండేళ్ళ దాకా, 50 దాటితే ఐదేళ్ళ దాకా సాగదీసి వాయిదాలు మార్చొచ్చు, మొదటి ఏడాది కట్టనక్కర్లేదు. బ్యాంకు వాళ్ళు తమంతట తాము పిలిచి చెప్పడం అరుదు. ఇక్కడ కూడా మీ శాతం ఎంత రాశారన్నదే లెక్క, 25 రాసి ఉంటే ఇది కూడా రాదు, అందుకే ఆ శాతం సరిచేయించుకోవడం అంత ముఖ్యం.

ప్రశ్న (కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా): అన్నా, మా తోటలో కొన్ని కొబ్బరి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి, కొన్నిటికి మొవ్వు (తల మీది చిగురు) విరిగింది, కొన్ని నిలబడే ఉన్నాయి కానీ పిందె మొత్తం రాలిపోయింది. జీడి కూడా అందులోనే ఉంది. తిత్లీ తుపానుకి చెట్టుకింత అని ఇచ్చారు, ఇప్పుడు హెక్టారుకింత అంటున్నారు. ఏది కరెక్టు?

జవాబు: మీ కవిటి చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం వాళ్ళకి తిత్లీ గురించి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటి కవిటి, సోంపేట, మందస, పలాస చుట్టూ ఉన్న కొబ్బరి, జీడి తోటల్ని పడేసింది. అంతకు ఐదేళ్ళ ముందు 2013లో వచ్చిన పైలిన్ తుపాను గాయాలు అప్పటికింకా మానలేదు.

కేంద్రం రేటు ఎప్పుడూ హెక్టారు లెక్కే. అది కొబ్బరికి ఎంత అన్యాయమో లెక్క వేసి చూద్దాం. మామూలుగా 8 మీటర్ల దూరంలో పెడితే హెక్టారుకి 156 చెట్లు పడతాయి. 22,500ని 156తో భాగిస్తే చెట్టుకి 150 రూపాయలు కూడా రాదు. పెట్టిన దగ్గర్నుంచి కాపుకి రావడానికి దేశవాళీ చెట్టు ఆరేడేళ్ళు తీసుకుంటుంది, కాపు మొదలైతే రెండు తరాలు తింటాయి, దానికి 150 రూపాయలు! అందుకే తిత్లీ అప్పుడు రాష్ట్రం విడిగా చెట్టుకి 1,500 అని ప్రకటించింది, 2019లో కొత్త ప్రభుత్వం దాన్ని 3,000కి, జీడికి హెక్టారుకి 30,000 ఉన్నదాన్ని 50,000కి పెంచుతున్నట్టు ప్రకటించింది. అవి తిత్లీ కోసం మాత్రమే ఇచ్చిన ఆదేశాలు, ప్రతి తుపానుకీ వాటంతటవే వర్తించవు. చెట్టు లెక్కన ఇవ్వాలని ఉద్దానం రైతులు అడగడం వందశాతం సబబు, ప్రతిసారీ మళ్ళీ రోడ్డెక్కి అడగాల్సిన అవసరం లేకుండా ఒక శాశ్వత ఉత్తర్వు ఉండాలని నా అభిప్రాయం.

మీ మూడు రకాల నష్టాలు ఒకటి కాదు. వేళ్ళతో లేచినవి, మాను విరిగినవి పూర్తిగా పోయినట్టే. మొవ్వు విరిగినది కూడా పోయినట్టే, కొబ్బరికి ఒకటే మొవ్వు, అది పోతే కొమ్మ వెయ్యదు. కానీ నిలబడి ఉంటుంది కాబట్టి సర్వేకి వచ్చినవాళ్ళు బతికున్న చెట్ల కింద రాసేస్తారు, దగ్గరుండి పైకి చూపించి ఒక్కొక్కటీ రాయించండి. పిందె రాలినవి ఆ ఏడాది కాపు నష్టం, చెట్టు నష్టం కింద రావు. జీడిని విడిగా రాయించండి, కలిపి కొబ్బరి తోట అని రాసేస్తే అది ఎక్కడా కనపడదు. ఇది చూసేది ఉద్యాన శాఖ, ఊళ్ళో ఉద్యాన సహాయకులు ఉంటే వాళ్ళని పిలవండి. పడిన చెట్లు ఫొటోలు తీసి, లెక్క రాయించుకునే వరకు కదపకండి, రాశాక మాత్రం ఆలస్యం చెయ్యకుండా మానులు తోట బయటికి తీసెయ్యండి, కుళ్ళిన మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి మిగిలిన చెట్ల మీద పడుతుంది. తేమకి మొవ్వుకుళ్ళు కూడా వస్తుంది, మొదట్లోనే కుళ్ళిన భాగం కోసి బోర్డో పేస్టు పూస్తే చెట్టు దక్కుతుంది.

ప్రశ్న (సంతకవిటి మండలం, విజయనగరం జిల్లా): నాగావళి పొంగి పొలంలోకి ఇసక మేట వేసేసింది. మోకాలి లోతు ఉంది కొన్ని చోట్ల. పంటకి డబ్బులు రాశారు గానీ ఇసక తీయడానికి ఏమీ లేదంటున్నారు. నిజమేనా? మేం శ్రీకాకుళం కలెక్టర్ గారి దగ్గరికి వెళ్ళాలా?

జవాబు: ఏమీ లేదనడం కరెక్టు కాదు. పొలంలో మేట మూడు అంగుళాలు దాటితే తీయించుకోడానికి హెక్టారుకి 18,000 రూపాయలు 2022–26 కేంద్రం రేట్లలోనే ఉంది, ఎకరాకి 7,300 దగ్గర పడుతుంది. ఇది చిన్న, సన్నకారు రైతులకే ఇస్తారు, ఇదే పనికి ఇంకే పథకం కిందా డబ్బు తీసుకుని ఉండకూడదు. ఏరు దారి మార్చుకుని భూమే కోసుకుపోతే అది వేరే లెక్క, హెక్టారుకి 47,000, దానికి రెవెన్యూ రికార్డులో భూమి మీ పేరున ఉండాలి. పంట నష్టం వేరు, మేట వేరు, రెండూ విడివిడిగా రాయించుకోవాలి. పంట సంగతి వ్యవసాయ శాఖ చూస్తుంది కాబట్టి వాళ్ళు పంట వరకే రాసుకుని వెళ్ళిపోతారు, మేట గురించి తహసీల్దారుకి, వీఆర్వోకి విడిగా అర్జీ ఇవ్వండి. స్కేలు గుచ్చి లోతు కనపడేలా ఫొటో తీసి పెట్టండి. మోకాలి లోతు ఇసక తీయడానికి ఆ డబ్బు చాలదని నాకూ తెలుసు, జేసీబీ గంట రేటు ఎంతో మీకు బాగా తెలుసు, అయినా హక్కుగా వచ్చేది వదులుకోవద్దు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మీ మండలం విజయనగరంలోకి వెళ్ళింది, అర్జీ అక్కడ కలెక్టరేట్‌లో ఇవ్వండి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస వాళ్ళకి కూడా ఇదే. పాలకొండ, వీరఘట్టం వైపు వాళ్ళు పార్వతీపురం వెళ్ళాలి. పాత అలవాటులో శ్రీకాకుళం వెళ్ళి బస్సు చార్జీలు పోగొట్టుకున్నామని ఇంకో ఇద్దరు రాశారు.

ప్రశ్న (పొందూరు మండలం, శ్రీకాకుళం జిల్లా): కోత కోసి పనల మీదుండగా వాన పట్టుకుంది. పనలన్నీ తేలిపోయాయి, మొలకొచ్చేసింది. కోసేసిన పంటకి నష్టపరిహారం లేదన్నారు. రెండ్రోజుల ముందు కోసిందే మా తప్పా?

జవాబు: తప్పు మీది కాదు. నష్టం రాసేటప్పుడు ముందు చూసేది చేలో నిలబడి ఉన్న పంట, పనల మీద ఉన్నదాన్ని రాయాలా వద్దా అన్నది ప్రతిసారీ ప్రభుత్వం ఇచ్చే ఆదేశాన్ని బట్టి మారుతోంది. అన్నదాత సంక్రాంతి నాటికి గాదె నింపుకోవాల్సిన పంట, నిలబడి ఉంటే నష్టం, పడుకుని ఉంటే కాదు అనడం నాకు ఏ కోశానా న్యాయంగా అనిపించదు. మీ మండల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఊళ్ళో అలాంటివాళ్ళంతా కలిసి ఇస్తే ఇంకా మంచిది.

ఇలాంటి నష్టానికి అసలు దారి పంటల బీమా. ఫసల్ బీమాలో కోత కోసి చేలో ఆరబెట్టిన పంటకి 14 రోజుల వరకు తుపాను, అకాల వర్షాల నుంచి రక్షణ ఉంది. షరతు ఒక్కటే, నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజెయ్యాలి, 14447కి ఫోన్ చెయ్యొచ్చు, బ్యాంకులో గానీ వ్యవసాయాధికారికి గానీ చెప్పొచ్చు. ప్రీమియం కట్టి ఉండాలి మరి. కొన్నేళ్ళు మన రాష్ట్రంలో రైతు వాటా ప్రభుత్వమే కట్టింది, ఇప్పుడు మళ్ళీ రైతే కట్టాలి, ఖరీఫ్ ఆహార పంటలకి బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం దాటకూడదు. బీమా ఉచితమే అనుకుని కట్టకుండా ఉండిపోయినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, రుణం తీసుకున్నవాళ్ళు మీ పాస్‌బుక్‌లో ప్రీమియం కోత పడిందో లేదో ఇవాళే చూసుకోండి.

పనలు ఇంకా కొన్ని మొలక రాకుండా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చెయ్యండి, మొలక ఆగుతుంది, గింజ రంగు కూడా మరీ మారదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, రంగు మారినదానికి సడలింపు ఇచ్చారేమో అడగండి, తుపాను ఏడాదుల్లో ఇస్తుంటారు. అది తేలకుండా దళారీకి అయినకాడికి అమ్మేయకండి.

ప్రశ్న (నరసన్నపేట మండలం): గ్రామ సచివాలయంలో చూస్తే డబ్బు పడినట్టు సక్సెస్ అని చూపిస్తోంది. నా పాస్‌బుక్‌లో లేదు. ఎక్కడికి పోయింది?

జవాబు: మీ ఆధార్‌కి లింకయి ఉన్న వేరే ఖాతాలోకి వెళ్ళి ఉంటుంది. ఆధార్ ద్వారా పంపే డబ్బు మీరిచ్చిన పాస్‌బుక్ నంబర్ చూడదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థలో చివరిగా ఏ బ్యాంకు మ్యాప్ అయి ఉందో దాంట్లోకే వెళ్తుంది. గ్యాస్ సబ్సిడీకో, ఉపాధి హామీకో, ఫోన్‌లో ఎవరో తెరిచిపెట్టిన పేమెంట్ బ్యాంకు ఖాతాకో లింకయి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు తెలుస్తుంది, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ చూసి చెప్తారు. గ్రామీణ వికాస్ బ్యాంకు ఖాతాదారులు ఒకసారి తప్పకుండా చూసుకోండి, 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది.

ప్రశ్న (భోగాపురం మండలం): గేదె గోడ కూలి చనిపోయింది. వెంటనే పాతిపెట్టేశాం. ఇప్పుడు పోస్ట్‌మార్టం కాగితం కావాలంటున్నారు.

జవాబు: 2022–26 కేంద్రం రేట్ల ప్రకారం పాడి గేదెకి, ఆవుకి 37,500 రూపాయలు వస్తుంది, అలాంటి పశువులు మూడింటి వరకు ఇస్తారు. దుక్కిటెద్దుకి 32,000, దూడకి 20,000, మేకకి గొర్రెకి 4,000. పాతిపెట్టేముందు పశువైద్యుడు చూడాలి. మీరిప్పుడు గోడ కూలిన ఫొటో, చెవి పోగు (గేదె చెవికి వేసిన గుర్తింపు ట్యాగు) నంబర్, వీఆర్వో పంచనామా, పక్కింటివాళ్ళ సంతకాలు పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి. చెవి పోగు ఉంటే పశువు మీదేనని రికార్డులో ఉంటుంది, పని కొంచెం సులువవుతుంది.

ప్రశ్న (సంతబొమ్మాళి మండలం): మా ఆయన పోయి రెండేళ్ళయింది. భూమి ఇంకా మా మావగారి పేరునే ఉంది, ఆయనా లేరు. చేను నేనే చేస్తన్నాను. లిస్టులో మావగారి పేరు వచ్చింది, చనిపోయారని తీసేశారు. నాకు రాదా బాబూ?

జవాబు: రావాలమ్మా. సాగు చేస్తున్నది మీరు కాబట్టి ఈ-క్రాప్‌లో సాగుదారుగా మీ పేరే ఉండాల్సింది. తీసేసిన పేరు స్థానంలో సాగు చేస్తున్న వారసురాలిగా మీ పేరు చేర్చమని, మావగారివీ మీ ఆయనవీ మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ ఆధార్ జత చేసి వ్యవసాయాధికారికి అర్జీ ఇవ్వండి. ఆ కుటుంబ సభ్యుల పత్రం తహసీల్దారు ఇస్తారు, సచివాలయంలోనే దరఖాస్తు పెట్టొచ్చు.

అదే కాగితాలతో వారసత్వ మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో భూమి వారసుల పేరుకి మార్చడానికి, కూడా పెట్టెయ్యండి, ఎలాగూ అన్నీ చేతిలో ఉంటాయి. మీ ఆయన అన్నదమ్ములు, ఆడబడుచులు ఉంటే వాళ్ళ సమ్మతి కావాలి, వాటాలు తేలకపోతే ఇది ఆలస్యం అవుతుంది, అంతవరకు డబ్బు కోసం మొదటి అర్జీ ఆపకండి, రెండూ వేరు వేరు. ఆడమనిషివి నీకు పొలమేంటి, మీ బావగారి పేరు రాసేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, ఒకసారి వేరే పేరు ఎక్కితే రేపు బీమా, రుణం, ధాన్యం డబ్బులు అన్నీ ఆ పేరునే వెళ్తాయి. వరి కోశాక మినుమో పెసరో చల్లుతారు కదా, ఆ రబీ బుకింగ్ మొదలవగానే మీరే రైతు సేవా కేంద్రానికి వెళ్ళి మీ ఆధార్‌తో, మీ వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకోండి. కేంద్రంలో ఎవరూ లేకపోతే 155251కి ఫోన్ చేసి ఎప్పుడు రావాలో అడగండి.